మొదటి గేమ్‌గా స్టార్‌డ్యూ వ్యాలీ: కొన్నేళ్లు ఆడాక నా అభిప్రాయం

ఎన్నడూ వీడియో గేమ్‌లు ఆడనివారికి మొదట ఏది ఇవ్వాలని అడిగేవారికి, గ్రాఫిక్స్ గురించీ కథ గురించీ ఆలోచించేముందు రెండు సంగతులు చూడమని చెబుతాను: చేతులకు ఒకేసారి ఎన్ని పనులు పడుతున్నాయి, ఓడిపోతే పోయేది ఎంత. ఈ రెండు లెక్కల్లోనూ, పల్లెలో పొలం సాగుచేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ ముందుంటుంది. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క వ్యక్తి దాదాపు నాలుగున్నరేళ్లు శ్రమించి తయారుచేసిన ఈ గేమ్ 2016లో విడుదలైంది. కొన్నేళ్లుగా నేను ఆడుతున్నాను, అంతకుముందు కంట్రోలర్ (ఆటను నడిపే చేతి పరికరం) పట్టని మా ఇంటివారికి నేర్పాను కూడా.

కొత్తవారిని నిజంగా కష్టపెట్టేది కెమెరా, అంటే ఆటలో మనం ఎటు చూస్తున్నామో ఆ చూపు. పోర్టల్ వంటి చక్కని పజిల్ గేమ్‌లో ఎడమచేత్తో నడుస్తూ కుడిచేత్తో చూపు తిప్పాలి. ఏళ్ల తరబడి ఆడినవారికి అది కష్టమని కూడా తోచదు. మా అత్తగారు మాత్రం నడిచినంతసేపూ నేలనో పైకప్పునో చూస్తూ ఉండిపోయారు, పజిల్ దాకా వెళ్లనేలేదు. స్టార్‌డ్యూలో పొలం పైనుంచి కనిపిస్తుంది, తిప్పవలసిన కెమెరా లేదు.

ఆట మొదట్లోనే పదిహేను పార్స్‌నిప్ (ముల్లంగిలా కనిపించే ఒక దుంప) విత్తనాలు చేతికి వస్తాయి. మట్టి తవ్వి, విత్తి, రోజూ నీళ్లు పోస్తే నాలుగు రోజులకు పంట వస్తుంది. తవ్విన ప్రతిసారీ, తడిపిన ప్రతిసారీ కొంత శక్తి ఖర్చవుతుంది కనుక, ఎంత పొలం వేసుకోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇంత నిదానంగా, ఇంత స్పష్టంగా పాఠం చెప్పే గేమ్‌లు నాకు ఎక్కువ తారసపడలేదు. ఆటలో రాత్రి రెండింటికల్లా మంచం చేరకపోతే మన పాత్ర సొమ్మసిల్లి, కొంత డబ్బు పోతుంది, మర్నాడు శక్తి తక్కువగా ఉంటుంది; అంతకుమించిన నష్టం లేదు.

అయితే గడియారం కొత్తవారిని కంగారుపెడుతుంది. ఆటలో ఒక రోజంటే మన లెక్కలో సుమారు 14 నిమిషాలే. ఒంటరిగా ఆడేటప్పుడు మెనూ తెరిస్తే కాలం ఆగుతుందని మొదటిరోజే చెప్పాలి. కంప్యూటర్‌లో ఆడేటప్పుడు, మన పాత్ర నిద్రపోయినప్పుడే ఆట సేవ్ అవుతుందన్నదీ అప్పుడే చెప్పాలి.

అసలు చిక్కు చేపలు పట్టడం దగ్గర ఉంది. బటన్ నొక్కితే పైకి లేచి, వదిలితే కిందికి జారే ఆకుపచ్చ పట్టీలో ఎగిరెగిరి పడే చేపను నిలపాలి. మిగతా ఆటంతా నెమ్మదిగా సాగుతుంటే ఇదొక్కటే చేతివేగాన్ని అడుగుతుంది, ఇక్కడే విసిగి మానేసేవారిని చూశాను. ఊళ్లో విల్లీ అనే జాలరి కొట్లో 25 నాణేలకు దొరికే ట్రైనింగ్ రాడ్ (నేర్చుకునేవారి గాలం) కొనుక్కుంటే పట్టీ పెద్దదవుతుంది, తేలికైన చేపలే పడతాయి. గనుల్లో రాక్షసులతో చేసే పోరాటాన్ని చాలాకాలం వాయిదా వేయవచ్చు.

ఈ గేమ్‌లో తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఊరివారి మాటలూ ఉత్తరాలూ చాలా ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషు చదవలేనివారికి దీన్ని సిఫారసు చేయలేను. అటువంటివారికి బండ్ల పందెం గేమ్ మారియో కార్ట్ 8 డీలక్స్ మేలు. దారి తప్పకుండా బండిని అదే సరిచేసే ఏర్పాటు, దానంతటదే ముందుకు నడిపే ఏర్పాటు రెండూ అందులో ఉన్నాయి.

స్టార్‌డ్యూను ఇద్దరు కలిసి కూడా ఆడవచ్చు. కానీ అప్పుడు ఒకరు మెనూ తెరిచినా కాలం ఆగదు కనుక, ఆటలో తొలి ఋతువైన వసంతం ముగిసేదాకా కొత్తవారినే ఒంటరిగా ఆడనిచ్చి, మీరు పక్కన కూర్చుని అడిగినప్పుడు మాత్రమే చెప్పండి.