అనంతపురం శివార్లలో మా 430 అడుగుల ఫ్లాట్: ఏడాది అనుభవం

ప్రభుత్వ స్థలంలో ప్రైవేటు గుత్తేదారు కట్టగా, బ్యాంకు అప్పుతో తీసుకున్న ఈ ఫ్లాట్‌లో చేరి ఏడాదైంది. గోడలన్నీ ఇటుక లేకుండా అచ్చుల్లో పోసిన కాంక్రీటువి కావడంతో ఎక్కడా బీట కనిపించలేదు గానీ, పటం తగిలించడానికి మేకు దిగదు, ఏప్రిల్‌లో రాత్రి పదింటికి గోడను తాకినా వెచ్చగానే ఉంటుంది. వంటింటి కడప బండకు వాలు సరిగా లేక నీళ్లు సింకుకు బదులు పొయ్యి వైపు పారుతున్నాయని మూడుసార్లు చెప్పినా, గుత్తేదారు మనుషులు కొలతలు తీసుకుని వెళ్లడమే తప్ప మళ్లీ రాలేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో ప్రభుత్వం, ప్రైవేటు సంస్థలు కలిసి ఇళ్లు కట్టే భాగస్వామ్య విభాగం కింద ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల ఇంటికి కేంద్రం ఇచ్చే 1.5 లక్షల రూపాయలు భారం తగ్గిస్తాయి. కానీ కట్టిన తర్వాత మరమ్మతుల బాధ్యత ఎవరిదన్నదే తేలదు. 1969లో ఇక్కడ పుట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ పల్లెల్లో కట్టించే ఇళ్లను ఆడవారి పేరిట రాయిస్తుంది. ఆ మంచి పద్ధతి ఇక్కడా ఉంది: పత్రం మా అమ్మ పేరనే వచ్చింది.