14416, మా అమ్మాయి కాలేజీ కౌన్సెలింగ్ గది: రెండు సేవలూ వాడి చూశాక

మా అమ్మాయి నగర శివారులోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. అడ్మిషన్ రోజున ఇచ్చిన ఫీజు రసీదులో ట్యూషన్, హాస్టల్, మెటీరియల్, లాండ్రీ వరుసల కింద ‘స్టూడెంట్ వెల్‌నెస్’ అని ఇంకో వరుస, దాని ఎదుట రూ.3,500 ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, క్యాంపస్‌లో పూర్తికాలం కౌన్సెలర్ ఉంటారని చెప్పారు. సంతోషంగానే కట్టాను. ఆ సేవనూ, 14416 నంబరుకు చేస్తే పైసా ఖర్చు లేకుండా ఫోనులో అందే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌నూ ఒకే నెలలో వాడవలసిన పరిస్థితి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల బతుకమ్మ పేర్చడానికి పిలిచినా గదిలోంచి బయటికి రాలేదు. అర్ధరాత్రి రెండింటికి లేచి, వారాంతపు పరీక్షలో తప్పు పోయిన ప్రశ్నలన్నీ ఎరర్ లిస్టులో రాసుకుంటూ కూర్చునేది. కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరి వేసే పిల్ల, ఏం పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోతోందని మొదట కనిపెట్టింది మా అమ్మ. ఆవిడ దిష్టి తీసింది. నేను 14416కు ఫోన్ చేశాను.

ఈ నంబరు గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు దీన్ని ప్రారంభించింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) దీనికి ప్రధాన కేంద్రం. రోజుకు 24 గంటలూ, తెలుగుతో సహా 20 భాషల్లో ఉచితంగా పనిచేస్తుంది. భాష ఎంచుకోగానే శిక్షణ పొందిన కౌన్సెలర్‌కు కలుపుతారు, అవసరమనుకుంటే వారు మానసిక వైద్య నిపుణులకు అప్పగిస్తారు.

నాతో మాట్లాడినావిడ నిద్ర, తిండి, స్నేహితుల సంగతులు అడిగాక, ఏ మాత్రం గొంతు మార్చకుండా, “చచ్చిపోవాలని ఉందని పాప ఎప్పుడైనా అందా సర్?” అని అడిగారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నాలాగే చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని, ఎవరూ అడగనప్పుడే పిల్లలు దాన్ని లోపల దాచుకుని మరీ ఒంటరివారవుతారని ఆవిడ ఓపికగా వివరించారు. చివరలో ఒక పని చెప్పారు: “‘నీకేం తక్కువ చేశాం’ అనే మాట ఒక పది రోజులు ఎవరూ అనకండి.” మా ఇంట్లో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో ఆ పది రోజుల్లోనే నాకు తెలిసింది, అందులో సగం నా నోటి నుంచే.

మర్నాడు సాయంత్రం అమ్మాయే డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన కూర్చుని అదే నంబరుకు ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరూ నాకు చెప్పలేదు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుల ఓపీకి వెళ్లమని సూచించారు, వెళ్లాం. ఎవరైనా కాస్త తేడాగా ప్రవర్తిస్తే ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని నవ్వుకునే ఊళ్లలో పెరిగిన మాకు ఆ ఓపీ చీటీ చేత్తో పట్టుకుని వరుసలో నిలబడడం తేలికైన పనేమీ కాలేదు. ఫోనులో మాట్లాడడమే చికిత్స అనుకుని ఎవరూ ఆగిపోకూడదు. దారి చూపడం దాని పని, నడవడం కుటుంబం పని.

ఇక రూ.3,500 సేవ. సెలవులయ్యాక అమ్మాయిని దింపడానికి వెళ్లి కౌన్సెలర్‌ను కలిశాను. ఆ గది ప్రిన్సిపాల్ గదిని ఆనుకుని, ముందువైపు అద్దంతో ఉంది. లోపల కూర్చున్నది ఎవరో నడవలో వెళ్లే ప్రతి సెక్షను పిల్లలకూ కనపడుతుంది. కౌన్సెలర్ మంచి మనిషే, ఎంఎస్సీ సైకాలజీ చదివిన చిన్నమ్మాయి, కానీ సంక్రాంతి దాటితే తనకు అడ్మిషన్ల ఫోన్లు చేసే పని కూడా అప్పగిస్తారని తనే చెప్పింది. బల్ల మీది రిజిస్టరు నా వైపు తిప్పింది. పేరు, సెక్షను, గత వారాంతపు పరీక్ష ర్యాంకు, సమస్య, తీసుకున్న చర్య అని గళ్లు ఉన్నాయి. సెప్టెంబరులో మా అమ్మాయి తనంతట తానే ఆ గదికి వెళ్లిందని నాకు అప్పుడే తెలిసింది. సమస్య గడిలో ‘ఫిజిక్స్‌లో వెనుకబాటు’ అని, చర్య గడిలో ‘తండ్రికి ఫోన్ చేయడమైనది’ అని ఉంది. ఆ ఫోన్ నాకు గుర్తుంది. ఫిజిక్స్‌కు అదనపు స్టడీ అవర్ వేస్తున్నామంటే థాంక్స్ కూడా చెప్పాను.

విశాఖపట్నంలో 2023లో జరిగిన ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, అందులో 2,248 మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైందని ఆ తీర్పు గుర్తుచేసింది. అంటే మిగిలిన పది వేల పైచిలుకు పిల్లల బాధ ర్యాంకు గడిలో పట్టేది కాదు. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, వీలైనంత వరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని, టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని కోర్టు ఆదేశించింది.

మా వాళ్లు ప్రదర్శించారు, రిసెప్షనులో, తల్లిదండ్రులు కూర్చునే సోఫాల వెనక. పిల్లలు అటు వచ్చేది ఔటింగ్ రోజున మాత్రమే. హాస్టల్లో సెల్‌ఫోన్ నిషేధం. వార్డెన్ గదిలోని ఫోన్ నుంచి వారానికి ఒకసారి, ముందుగా రాయించిన ఇంటి నంబరుకే మాట్లాడనిస్తారు. 14416ను కూడా ఆ జాబితాలో చేర్చమని కాలేజీ పరిపాలనాధికారిని (ఏఓ) అడిగితే, “అది పేరెంట్ నంబర్ కాదు కదా సార్, ఎట్లా ఎక్కిస్తాం?” అన్నారు. మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాక పోస్టరును మూడో అంతస్తులో మంచినీళ్ల ఫిల్టరు పక్కకు మార్చారు. నంబరు మాత్రం జాబితాలోకి ఎక్కలేదు.

అయిదు మార్కులకు టెలీ మానస్‌కు నాలుగున్నర వేస్తాను. కాలేజీ సేవకు ఒకటి, అదీ తన జీతానికి మించిన పని చేస్తున్న ఆ చిన్నమ్మాయికి. వచ్చే ఏడాది పిల్లలను చేర్పించబోయేవారు ఫీజు కట్టే ముందే కౌన్సెలర్ గది ఎక్కడుందో చూసి, ఆ రిజిస్టరు తెరిపించి, పిల్ల ఎవరికీ చెప్పకుండా ఫోన్ చేసుకోవడానికి హాస్టల్లో వీలుందో లేదో వార్డెన్‌నే అడగండి. మా అమ్మాయి నవంబరు నుంచి డే స్కాలర్. కాలేజీకి దగ్గర్లో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో వాళ్ల నానమ్మతో ఉంటోంది. మొన్న చారులో ఉప్పు లేదని ఇద్దరూ గొడవపడ్డారట.