అట్మాస్, డీటీఎస్, ఈఆర్క్: కొన్నేళ్లు వాడాక నా లెక్క

హోమ్ థియేటర్ కొనబోయే వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: డాల్బీ మంచిదా, డీటీఎస్ మంచిదా? సినిమా సౌండుని చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచి వినిపించే రెండు కంపెనీల పద్ధతులివి. రెండూ మా హాల్లో కొన్నేళ్లుగా మోగుతున్నాయి కాబట్టి జవాబు సూటిగా చెప్పేస్తాను. ఆ రెండింటి మధ్య తేడా కంటే, టీవీ వెనక ఏ పోర్టులో వైరు పెట్టారు అన్నదానితో వచ్చే తేడా ఎక్కువ. ఏ ఫార్మాట్లు పలుకుతుందో ప్రతి వస్తువు పెట్టె మీదా రాసి ఉంటుంది. సినిమాలో ఉన్న సౌండు ఆ రూపంలోనే స్పీకర్ల దాకా వస్తుందా, దారిలో చిక్కిపోతుందా అన్నది మాత్రం ఏ పెట్టె మీదా ఉండదు.

ముందు నా సరంజామా చెప్పాలి. విజయవాడలో అపార్ట్‌మెంట్, హాలు సుమారు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. ఈఆర్క్ ఉన్న ఏడు ఛానెళ్ల ఏవీ రిసీవర్. రిసీవర్ అంటే సౌండుని విప్పి స్పీకర్లకి పంచే పెట్టె, ఈఆర్క్ అంటే టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ వైరులోనే రిసీవర్‌కి వెనక్కి తెచ్చే దారి. ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, టీవీ కింద సెంటర్, సోఫాకి అటూ ఇటూ సరౌండ్లు, సీలింగ్‌లో రెండు, మూలన బాస్ కోసం 10 అంగుళాల సబ్‌వూఫర్. దీన్నే 5.1.2 అంటారు. మొదటి అంకె చెవి ఎత్తున ఉండే స్పీకర్లు, రెండోది సబ్‌వూఫర్, మూడోది తల మీద ఉండేవి. ఓటీటీలకి ఒక ఆపిల్ టీవీ 4కే, ఒక ఫైర్ స్టిక్, డిస్కులకి 4కే బ్లూరే ప్లేయర్. రిసీవర్ ఏ కంపెనీదో రాయడం లేదు. ఈఆర్క్ ఉన్న ఈ తరగతి రిసీవర్లన్నీ నేను ఇక్కడ చెప్పే విషయాల్లో దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

మనవాళ్లకి డీటీఎస్ మీద మోజు థియేటర్ల నుంచే వచ్చింది. పోస్టర్ మీద 'ఏసీ, డీటీఎస్' అని కనిపిస్తే టికెట్ డబ్బులు సగం గిట్టినట్టే అనుకునే రోజులు అవి. 1993లో థియేటర్లకి వచ్చిన ఆ పద్ధతిలో ఫిల్మ్ మీద ఉండేది ఒక టైమ్‌కోడ్ గీత మాత్రమే. సౌండంతా విడిగా సీడీల్లో ఉండి, ఆ గీతను చూసుకుంటూ రీలుతో పాటు నడిచేది. అంతకు ముందు ఏడాది వచ్చిన డాల్బీ డిజిటల్ మాత్రం ఫిల్మ్ అంచున చిల్లుల మధ్య ఉండే ఖాళీలో డేటాని అచ్చువేసింది. ఇంకో సంగతి: ఆ థియేటర్ డీటీఎస్, మన ఇళ్లలోకి వచ్చిన డీటీఎస్ లోపల ఒకే కోడెక్ (సౌండుని డేటాగా కుదించే పద్ధతి) కూడా కాదు. బోర్డు మీది పేరొక్కటే ఒకటి.

డీవీడీల కాలంలో డాల్బీ డిజిటల్‌కి సెకనుకు గరిష్ఠంగా 448 కిలోబిట్లు, డీటీఎస్‌కి 754 లేదా 1509. అంకె పెద్దది కాబట్టి డీటీఎస్‌దే పైచేయి అని అందరం తీర్మానించుకున్నాం. కానీ డాల్బీ ట్రాక్‌లో డైలాగ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే ఒక సూచన ఉంటుంది. దాన్ని బట్టి రిసీవర్ మొత్తం వాల్యూమ్‌ని కాస్త దించుతుంది, చాలా సినిమాల్లో ఇది 4 డెసిబెల్స్. గట్టిగా వినిపించేదే మంచిదని చెవి ఇట్టే నమ్మేస్తుంది. నా దగ్గరున్న డిస్కులో రెండు ట్రాకులూ ఉన్న చోట డాల్బీకి ఆ నాలుగూ కలిపి విన్నాను. కళ్లు మూసుకుంటే ఏది ఏదో చెప్పడం నా వల్ల కాలేదు.

బ్లూరేకి వచ్చేసరికి ఈ పంచాయితీకి అర్థమే లేదు. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో రెండూ స్టూడియో మిక్స్‌ని ఒక్క బిట్టు కూడా పోకుండా ఇచ్చేవే. తేడా పాత సామాన్లతో పొసగడంలోనే ఉంది. మాస్టర్ ఆడియో లోపలే మామూలు డీటీఎస్ ఒక కోర్‌గా ఉంటుంది, పాత రిసీవర్ దాన్ని తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ట్రూహెచ్‌డీలో అలాంటి కోర్ లేదు కాబట్టి బ్లూరేల్లో దాని పక్కనే ఒక డాల్బీ డిజిటల్ ట్రాక్ కూడా ఉంచుతారు. మా తమ్ముడి ఇంట్లో ఆప్టికల్ వైరు మాత్రమే ఉన్న పాత 5.1 సెట్టుకి నా ప్లేయర్ తగిలించి అట్మాస్ డిస్కు వేశాం, అంటే తల మీద నుంచి కూడా సౌండు వినిపించే డాల్బీ పద్ధతిది. డిస్‌ప్లే మీద 'డాల్బీ డిజిటల్' అని పడింది, సినిమా హాయిగా నడిచింది. 'అయితే ఇప్పుడు నేను కొత్తది కొనక్కర్లేదంటావా అన్నయ్యా?' అన్నాడు. డిస్కులు చూసేంతవరకు అక్కర్లేదనే చెప్పాను.

అట్మాస్ దగ్గరే జనం ఎక్కువ తికమక పడతారు. ఇది విడిగా ఒక కోడెక్ కాదు, వేరే దాని మీద ఎక్కి వస్తుంది. డిస్కులో ట్రూహెచ్‌డీ మీద, ఓటీటీల్లో డాల్బీ డిజిటల్ ప్లస్ మీద. ట్రూహెచ్‌డీ బ్లూరేలో సెకనుకు 18 మెగాబిట్ల దాకా వెళ్లగలదు. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ ఎక్కువలో ఎక్కువ 768 కిలోబిట్లు. అంకెలు చూసి బెంబేలెత్తక్కర్లేదు. ఒకే సినిమాని రెండు రకాలుగానూ చూశాను. తల మీద వాన పడే చోటు, హెలికాప్టర్ వెనక నుంచి ముందుకొచ్చే చోటు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. డిస్కులో బాస్ బరువుగా ఉంది, సద్దుమణిగిన సన్నివేశాల్లో గాలి, కీచురాళ్లు ఇంకాస్త విడివిడిగా తెలిశాయి. పక్కపక్కన పెట్టి వింటేనే ఆ తేడా. విడిగా చూసినప్పుడు అట్మాస్ స్ట్రీమింగ్ నన్ను ఏ రోజూ నిరాశపరచలేదు.

ఇక వైరు సంగతి. ఆప్టికల్ వైరులో మామూలు డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 దాకానే వెళ్తాయి. డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు, కాబట్టి ఆప్టికల్‌తో అట్మాస్ ఆశ వదులుకోవాల్సిందే. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆర్క్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్తుంది, దాని మీద అట్మాసూ వెళ్తుంది. ట్రూహెచ్‌డీ గానీ, ఎక్కువ ఛానెళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ సౌండు) గానీ మాత్రం వెళ్లవు. వాటికి 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో పాటు వచ్చిన ఈఆర్క్ కావాలి. ఇదంతా పుస్తకం లెక్క అనుకోకండి. మా అక్కావాళ్ల టీవీకి ఉన్నది ఆర్క్ మాత్రమే, సౌండ్‌బార్‌కి అట్మాస్ ఉంది. ఫైర్ స్టిక్ పెడితే అట్మాస్ వెలిగింది, ఆపిల్ టీవీ పెడితే రాలేదు. బాక్సు పాడైందని బావగారు షాపుకి బయల్దేరబోయారు. ఫైర్ స్టిక్ అట్మాస్‌ని డాల్బీ డిజిటల్ ప్లస్‌గానే పంపుతుంది. ఆపిల్ టీవీ దాన్ని తనలోనే విప్పి, పీసీఎం రూపంలో అట్మాస్ సమాచారాన్ని జతచేసి పంపుతుంది. దానికి ఆర్క్ చాలదు. ఏ వస్తువూ పాడవలేదు, రెండూ వాటి పని అవి చేస్తున్నాయంతే.

అందుకే నా ఇంట్లో అన్నీ ముందు రిసీవర్‌లోకే వెళ్తాయి, అక్కడి నుంచి ఒకే ఒక వైరు టీవీ ఈఆర్క్ పోర్టులోకి. టీవీలో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ ఈ పని చేయవు, పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉన్నది ఒక్కటే చేస్తుంది. ఇలా పెట్టడంలో ఇంకో లాభం: కొన్ని టీవీలు డీటీఎస్‌ని అసలు తీసుకోవు. పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే బొమ్మ వచ్చి మాట రాకపోవడం, 'ఈ ఆడియో కోడెక్ సపోర్ట్ చేయదు' అని కింద పడటం చాలామంది చూసే ఉంటారు. ప్లేయర్ నుంచి సౌండు నేరుగా రిసీవర్‌కి వెళ్తే ఆ బాధ లేదు. అయితే బొమ్మ కూడా రిసీవర్ గుండానే పోతుంది కాబట్టి అందులో హెచ్‌డీసీపీ 2.2 (సినిమా కాపీ కాకుండా చూసే తాళం) ఉండాలి. లేకపోతే 4కే సినిమా 1080 దగ్గరే ఆగిపోవచ్చు, కొన్నిసార్లు తెర నల్లగా ఉండిపోవచ్చు.

అన్నీ సరిగ్గా పెట్టాక కూడా నేను చూసేది రిసీవర్ ముందున్న డిస్‌ప్లేనే. టీవీలోని యాప్‌లో చూసేటప్పుడు అక్కడ 'అట్మాస్' అని పడాల్సిన చోట 'స్టీరియో' అని పడిందంటే చాలాసార్లు టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి డిజిటల్ సౌండ్ సెట్టింగ్ మళ్లీ 'పీసీఎం'కి పోయిందన్నమాట. దాన్ని 'పాస్ త్రూ'కి, అంటే ఉన్నది ఉన్నట్టు పంపేదానికి మార్చితే సరి. బ్లూరే ప్లేయర్‌లో అయితే సెకండరీ ఆడియో అనే ఆప్షన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే మెనూ టకటకలని, వ్యాఖ్యానాన్ని సినిమా సౌండులో కలపడానికి ప్లేయర్ ట్రూహెచ్‌డీని యథాతథంగా పంపడం మానేస్తుంది. వేలు పోసి ప్లేయర్ కొన్నవాళ్ల ఇళ్లలో కూడా ఇది ఆన్‌లోనే ఉండగా చూశాను.

అమెరికా నుంచి బంధువులు రిసీవర్ తెస్తామంటే కాస్త ఆగండి. అక్కడిది 120 వోల్టుల మీద నడుస్తుంది, ఇక్కడ ప్లగ్గులో పెడితే అంతే సంగతులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువు, మోత, వేడి కలిపి చూస్తే మిగిలే డబ్బులు ఏమంత ఉండవు. బ్లూరే డిస్కులకీ రీజియన్ గొడవ ఉంది: అమెరికాది ఏ, మనది సీ. 4కే డిస్కులకి మాత్రం రీజియన్ కోడ్ లేదు, అవి నిశ్చింతగా తెప్పించుకోవచ్చు.

సీలింగ్ స్పీకర్ల గురించి విడిగా చెప్పాలి. మొదట షాపువాళ్లు కొన్ని రోజులు వాడి చూడమని, ముందు స్పీకర్ల మీద పెట్టి పైకి కొట్టే రకం ఇచ్చారు. సౌండు సీలింగ్‌కి తగిలి కిందికి రావాలి, అందుకు సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలి. మన హాళ్లలో ఉండేవేమో పీవోపీ మెట్లు, లైట్ల కోసం తీసిన కోవ్‌లు, మధ్యలో ఫ్యాను. వాన తల మీద పడాల్సింది పోయి టీవీ వెనక ఎక్కడో పడింది. సోఫాకి కొంచెం ముందుగా సీలింగ్‌లోనే బిగించాక లెక్క కుదిరింది. పీవోపీ పని మొదలుకాక ముందే పైపు వేయించి వైరు లాగించుకోండి, తర్వాత కోయించడం నరకం.

మైకు పెట్టి రిసీవర్‌తో గది కొలిపించేటప్పుడు ఫ్యాను, ఏసీ ఆపండి, వంటింట్లో కుక్కర్ లేకుండా చూసుకోండి. నిజంగానే ఒక విజిల్‌కి మా రిసీవర్ 'శబ్దం ఎక్కువగా ఉంది' అని పని ఆపేసింది. కొలత అయ్యాక స్పీకర్లన్నీ 'స్మాల్' అని, క్రాసోవర్ (దానికి కిందున్న బాస్ సబ్‌వూఫర్‌కి వెళ్తుంది) 80 హెర్ట్జ్ అని ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొన్ని రిసీవర్లు చిన్న స్పీకర్లని కూడా 'లార్జ్' అని తీర్మానించేసి బాస్ భారం వాటి నెత్తిన పెడతాయి.

తెలుగు సినిమాల సంగతికొస్తే, ఇన్నేళ్లలో ఎక్కువ పని చేసింది సెంటర్ స్పీకరే. మన మిక్సుల్లో బ్యాక్‌గ్రౌండ్ స్కోరు డైలాగ్ మీదకి ఎక్కేస్తుంది. సెంటర్‌ని 2 డెసిబెల్స్ పెంచితే అమ్మ రిమోట్ అడగడం మానేసింది. ఓటీటీలో అసలు భాషకి అట్మాస్ ఉండి తెలుగు డబ్బింగ్‌కి 5.1 గానీ స్టీరియో గానీ మాత్రమే ఉండటం మామూలే, కాబట్టి సినిమా పేరు పక్కన గుర్తు చూసి మురిసిపోకుండా ఆడియో మార్చాక డిస్‌ప్లే చూడండి. స్టీరియో వస్తే డాల్బీ సరౌండ్ గానీ డీటీఎస్ న్యూరల్ ఎక్స్ గానీ దాన్ని అన్ని స్పీకర్లకీ పంచుతాయి. పాటలకి నాకు మొదటిదే నచ్చింది, రెండోది గొంతుని కూడా పైకి లాగుతుంది. పాత నలుపు తెలుపు సినిమాల్లో ఉండేది మోనో సౌండ్. డాల్బీ సరౌండ్ దాన్ని మొత్తం సెంటర్‌కే పంపుతుంది, అదే బాగుంటుంది. అట్మాస్‌కి పోటీగా డీటీఎస్ తెచ్చిన డీటీఎస్ ఎక్స్ 2015లో వచ్చినా ఓటీటీలు మాత్రమే చూసే ఇంట్లో దాని జాడ తగలడం కష్టం. అలాంటిదే ఇంకో పద్ధతి ఆరో-3డీ గురించి చెప్పడానికి నా దగ్గర డిస్కులే లేవు.

బెజవాడ ఎండల్లో రిసీవర్ పైకప్పు మీద చెయ్యి ఆనించలేం. టీవీ యూనిట్ అరలో మూసిపెట్టకండి, పైన కనీసం నాలుగైదు అంగుళాలు వదలండి, వెనక పలక తీయించండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: ఈఆర్క్ ఉన్న రిసీవర్, డబ్బులు పెట్టి కొన్న సెంటర్, ఒక మంచి సబ్‌వూఫర్. సరౌండ్లు మామూలువైనా సరే, సీలింగ్‌వి తర్వాత పెట్టించుకోవచ్చు, వైరు మాత్రం ఇప్పుడే వేయించండి. నేనైతే ఇప్పుడు పైన ఇంకో రెండు పెట్టి 5.1.4 చేసే బదులు రెండో సబ్‌వూఫర్ తీసుకుందామని చూస్తున్నాను, గదిలో ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ వినిపించే బాస్ దాంతో సర్దుకుంటుంది. కింద ఫ్లాట్ వాళ్లు ఒకటి ఉన్నందుకే రాత్రి పది దాటాక ఫోన్ చేస్తున్నారు, వాళ్లకి ఈ మాట ఇంకా చెప్పలేదు.