పకోడీని చూపించిన ఎగ్జాటిక్ వెట్ క్లినిక్: నాలుగు స్టార్లు

పకోడీ మా ఫెర్రెట్. చూడ్డానికి ముంగిసలా ఉంటాడు, ఐదేళ్లవాడు. అమెరికాలోని మా ఫ్రిస్కోలో కుక్కల డాక్టర్లకి కొదవ లేదు గానీ వీడిలాంటి వాటిని చూసే ఎగ్జాటిక్ వెట్‌లు తక్కువ. మొదట వెళ్లిన చోట వయసు మీద పడిందని చెప్పి పంపేశారు.

వాడి జబ్బు కనిపెట్టింది మా అమ్మ. గుంటూరు నుంచి ఆర్నెల్లకని వచ్చింది, షుగర్ మనిషి. వాడు గిన్నె ముందు గోడకేసి చూస్తూ, చొంగ కారుస్తూ, ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంటే, "వీడికి షుగర్ పడిపోయిందే, నాకూ ఇలాగే అవుతుంది" అంది. వేలితో చిగుళ్లకి తేనె రాస్తే కాసేపటికి లేచి తిరిగాడు.

ఈ క్లినిక్‌కి మూడు గంటలు పస్తుంచి తెమ్మన్నారు. తెస్తే ఇంకో గంట కూర్చోబెట్టారు. షుగర్ పడిపోయే ప్రాణిని అలా ఉంచడం ఏం పద్ధతి? తగ్గించిన స్టార్ దానికే.

రక్తంలో షుగర్ 48 వచ్చింది. 90 పైన ఉండాలి. ఇన్సులినోమా అనుకుంటున్నామన్నారు: క్లోమంలో చిన్న గడ్డలు ఇన్సులిన్ ఎక్కువ వదిలేస్తాయి. నాలుగేళ్లు దాటిన ఫెర్రెట్లలో తరచూ వచ్చేదే. స్కాన్‌లో ఏమీ కనపడలేదు. చిన్న గడ్డలు స్కాన్‌కి చిక్కవు కాబట్టి లేవని అనుకోవద్దన్నారు.

ఆ తర్వాత డాక్టరుగారు ముప్పావుగంట కూర్చుని మాట్లాడారు. కోయించమని తొందరపెట్టలేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు షుగర్‌ని నిలబెడుతుంది గానీ గడ్డని ఏమీ చెయ్యదు, పోనుపోను డోసు పెంచాలి, చాలకపోతే డయజాక్సైడ్ అనే ఇంకో మందు కలపాలి. కోసినా గడ్డలు మళ్లీ రావచ్చు, కానీ కొన్నాళ్లు మందుల బాధ తప్పుతుంది, పొట్ట తెరిచినప్పుడే కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులూ చూసేయొచ్చు. "మీ వాడైతే ఏం చేస్తారు?" అని అడిగేశాను. "గుండె బాగుంది, కోయిస్తాను. ఏడేళ్లవాడైతే మందులతోనే సరిపెడతాను" అన్నారు. అమ్మ మెషీన్‌తో ఇంట్లో చూసుకోవచ్చా అంటే, మనుషుల మెషీన్లు ఫెర్రెట్ రక్తానికి అసలుకన్నా తక్కువ చూపిస్తాయి, అంకె చూసి హడలిపోవద్దన్నారు.

ఎస్టిమేట్ 2,800 నుంచి 3,600 డాలర్లు. "ఎలుకకి అంతా!" అన్న అమ్మే మర్నాడు పొద్దున వాడికి చికెన్ మెత్తగా ఉడికించి, మూడు నాలుగు గంటలకోసారి తనే తినిపించడం మొదలెట్టింది. ఇన్సూరెన్స్ కాగితాల సంగతి ఇక్కడ అడక్కండి, రిసెప్షన్‌లో ఎవరికీ తెలీదు.

ఆపరేషన్‌కి మంగళవారం ఇచ్చారు. మంగళవారం కత్తి తగలకూడదని అమ్మ పట్టుబట్టింది. సిగ్గుపడుతూనే ఫోన్ చేశాను. ఎందుకని కూడా అడక్కుండా బుధవారం పొద్దున ఏడున్నరకి మార్చేశారు.