ఎనిమిది నెలలుగా వాడుతున్న ఫైర్‌వాల్: పోర్టుల సంగతే ఎక్కువగా

మా ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేది నేనే. పాత ఫైర్‌వాల్‌కు (నెట్‌వర్క్‌లోకి వచ్చే, పోయే డేటాను రూల్స్ ప్రకారం వడకట్టే బాక్సు) కంపెనీ సపోర్ట్ అయిపోవడంతో ఎనిమిది నెలల కిందట కొత్తది తెప్పించాం. చిన్నా, మధ్యరకం ఆఫీసులకు సరిపోయే బాక్సు. బ్రాండు పేరు రాయడం లేదు, నేను చెప్పేవి ఈ సైజు బాక్సుల్లో చాలావాటికి వర్తిస్తాయి. కొనేటప్పుడు అందరిలాగే నేనూ త్రూపుట్ అంకె (సెకనుకు ఎంత డేటా దాటించగలదో చెప్పేది) చూసి తృప్తిపడ్డాను. ఇప్పుడెవరైనా అడిగితే మాత్రం ముందు పోర్టులు చూడండి, అవి లోపల దేనికి కలుస్తున్నాయో కనుక్కోండి, ఆ తర్వాతే మిగతావి అంటాను.

మామూలు ల్యాన్ కేబుల్ పెట్టే ఆర్‌జె45 పోర్టులు ఎనిమిది, అన్నీ సెకనుకు ఒక గిగాబిట్ స్పీడువే. ఫైబర్ కోసం ఎస్‌ఎఫ్‌పి ప్లస్ స్లాట్లు (మాడ్యూల్ అనే చిన్న ముక్క దూర్చి వాడేవి, 10 గిగాబిట్ దాకా) రెండు. ఇవి కాక మేనేజ్‌మెంట్‌కు ఒకటి, హెచ్‌ఏకు (ఒక బాక్సు ఆగితే జత బాక్సు పని అందుకునే ఏర్పాటు) ఒకటి, కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా కేబుల్‌తో నేరుగా బాక్సులోకి వెళ్లే దారి) ఒకటి, యూఎస్‌బీ ఒకటి. చూడ్డానికి నిండుగా ఉంటుంది.

అసలు కథ ఆ ఎనిమిదిలోనే ఉంది. 1, 2 పోర్టులు నేరుగా ప్రాసెసర్‌కు కలుస్తాయి, 3 నుంచి 8 దాకా లోపలున్న ఒక స్విచ్ చిప్పుకు కలుస్తాయి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. మొదటి వారంలో కెమెరాల రికార్డర్ నుంచి అకౌంట్స్ కంప్యూటర్లకు ఏమీ వెళ్లకూడదని ఒక రూల్ రాశాను, అది రూల్స్ జాబితాలో అన్నిటికంటే పైనే ఉంది, అయినా రికార్డర్ నుంచి పింగ్ (అవతలి మెషీన్ అందుతోందా అని చూసే చిన్న సందేశం) హాయిగా వెళ్తోంది, లాగ్‌లో ఒక్క లైను కూడా లేదు. రెండు రోజులు నా రూల్‌లోనే తప్పు వెతికాను. రికార్డర్ 4లో, అకౌంట్స్ 7లో, రెండూ ఆ చిప్పు మీదే, పైగా ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్ అడ్రసుల ఒకే గుంపులో) ఉన్నాయి. ప్యాకెట్లను (డేటా ముక్కలను) చిప్పే అటూ ఇటూ అందించేస్తోంది, ఫైర్‌వాల్ దాకా అవి రావడమే లేదు. రాని ప్యాకెట్‌ను ఏ రూల్ ఆపుతుంది? ఫ్యాక్టరీ సెట్టింగ్ ఇలా ఉంటుందని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయాల్సింది, నాకు దీని మీద నిజంగానే కోపం ఉంది.

పోర్టులను ఆ చిప్పు గ్రూపులోంచి తీసి వేర్వేరు వీల్యాన్‌లు (అవే వైర్ల మీద విడివిడి నెట్‌వర్క్‌లు) చేసి, ఒక్కోదానికి ఒక్కో సబ్‌నెట్ ఇచ్చాక రూల్ పనిచేసింది. కానీ అక్కడే రెండో ఇబ్బంది మొదలైంది. వీల్యాన్‌ల మధ్య వెళ్లేదంతా ఇప్పుడు ప్రాసెసర్ దాకా ఎక్కి దిగాలి, చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న దారేమో ఒకే ఒక్క గిగాబిట్. రాత్రి సర్వర్ల బ్యాకప్ మొదలవగానే నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇంటర్నెట్ ఆగి ఆగి వచ్చేది. చూస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉంది, డబ్బా మీద వేసిన త్రూపుట్ అంకెలో సగం కూడా వాడటం లేదు. ఆరు పోర్టులూ ఒకే ఇరుకు సందులోంచి వెళ్తుంటే ఆ అంకె ఎంతుంటే ఏం లాభం! అమ్మేవాళ్లను లోపలి బ్లాక్ డయాగ్రామ్ అడగండి, ఇవ్వకపోతే కొనడం ఆపి మరోటి చూడండి.

దీనికి దారి చూపించినవి ఎస్‌ఎఫ్‌పి ప్లస్ స్లాట్లే, ఈ బాక్సులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఇవి నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తాయి. ఒక దాంట్లోంచి మెయిన్ స్విచ్‌కు చిన్న డాక్ కేబుల్ (రెండు చివరలా మాడ్యూల్ కలిసే వచ్చే రాగి కేబుల్) వేసి, వీల్యాన్‌లన్నీ ట్రంక్‌గా, అంటే అన్నీ ఒకే లింకులో వెళ్లేలా, దాని మీదికి మార్చాను, 10 గిగాబిట్ లింక్ వెంటనే వచ్చింది. బ్యాకప్ గొడవ ఆ రాత్రితో పోయింది. రెండో స్లాట్‌లో ఇంటర్నెట్ ఫైబర్ పెట్టబోతే లైటు వెలగలేదు. అది 1 గిగాబిట్ మాడ్యూల్, సైజు ఒకటే కాబట్టి చక్కగా దూరుతుంది, స్పీడు మాత్రం దానంతట అది 10 నుంచి 1కి దిగదు. సెట్టింగ్స్‌లో చేత్తో 1000 (మెగాబిట్, అంటే 1 గిగాబిట్) అని పెడితే వచ్చింది. మరో కంపెనీ మాడ్యూల్ పెడితే లాగ్‌లో హెచ్చరిక ఒకటి రాసి ఊరుకుంది, పనైతే ఆపలేదు, మంచిదే. ఆర్‌జె45 రకం 10 గిగాబిట్ మాడ్యూల్ కూడా పెట్టి చూశాను కానీ ముట్టుకోలేనంత వేడెక్కింది, తీసేశాను.

కన్సోల్ పోర్టును ఎవరూ పట్టించుకోరు. ఫర్మ్‌వేర్ (బాక్సును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసిన రాత్రి వెబ్ పేజీ రాలేదు, పింగ్ లేదు, టెన్షన్‌తో చేతులు ఆడలేదు. కన్సోల్ కేబుల్ తగిలించి స్పీడు 9600 పెట్టగానే స్క్రీన్ మీద అక్షరాలు కనిపించాయి, పాత ఫర్మ్‌వేర్‌తో బూట్ చేసి పావుగంటలో బయటపడ్డాను. ఆ కేబుల్‌ను, దానికి కావలసిన యూఎస్‌బీ అడాప్టర్‌ను ర్యాక్‌లోనే వేలాడదీసి ఉంచండి. నా ఫిర్యాదల్లా ఆ పోర్టు కూడా ఆర్‌జె45 ఆకారంలోనే ఉండటం, మేనేజ్‌మెంట్ పోర్టు పక్కనే ఉండటం, పేర్లు కంటికి ఆనని అక్షరాల్లో ఉండటం. మా కుర్రాడు ల్యాన్ కేబుల్‌ను కన్సోల్‌లో పెట్టి లింక్ రావడం లేదని గంటసేపు తలపట్టుకున్నాడు, పాపం అతని తప్పేమీ లేదు.

మేనేజ్‌మెంట్ పోర్టు వేరుగా ఉండటం బాగుంది, అడ్మిన్ పేజీని దాని మీద మాత్రమే ఉంచి మిగతా అన్నిచోట్లా మూసేశాను. హెచ్‌ఏ పోర్టు ఒక్కటే ఇచ్చారు. ఆ ఒక్క కేబుల్ ఊడితే రెండు బాక్సులూ నేనే మెయిన్ అనుకుంటాయి కాబట్టి, జత బాక్సు పెట్టేవాళ్లు మామూలు పోర్టు ఒకటి రెండో హార్ట్‌బీట్‌కు (బాక్సులు ఒకదాన్నొకటి బతికే ఉందా అని చూసుకునే లింకుకు) వదులుకోవాల్సిందే.

కరెంటుకు ఒక్క అడాప్టరే, దాని పిన్నుకు లాక్ కూడా లేదు. ఒకసారి పక్క కేబుల్ లాగుతుంటే ఇదీ ఊడొచ్చి ఆఫీసంతా నెట్ పోయింది. ఇప్పుడు దాన్ని ర్యాక్ కమ్మీకి కేబుల్ టైతో బిగించి కట్టాను.