సాకెట్టా, ప్రివిలేజ్డా, రూట్‌లెస్సా: సొంత రన్నర్ మీద ఇమేజీల బిల్డుకు ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడుపుతున్న మన తెలుగువాళ్లు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: గిట్‌ల్యాబ్ రన్నర్‌ను (బిల్డు వంటి పనులను, అంటే జాబ్‌లను, నడిపే ప్రోగ్రామ్) సొంత మెషిన్ మీద పెట్టుకున్నాక, కంటైనర్ ఇమేజీల (సాఫ్ట్‌వేర్‌ను, దానికి కావలసినవాటిని కలిపి కట్టిన మూటలు) బిల్డు కోసం హోస్ట్ (అంటే ఆ మెషిన్) డాకర్ సాకెట్‌ను (డాకర్ డీమన్ అనే నేపథ్య ప్రోగ్రామ్‌కు ఆదేశాలు పంపే దారి) జాబ్‌కు ఇవ్వాలా, డాకర్-ఇన్-డాకర్ (కంటైనర్ లోపల మరో డాకర్) పెట్టి ప్రివిలేజ్డ్ ఆన్ చేయాలా, రూట్‌లెస్‌కు (రూట్ హక్కు లేని మామూలు యూజర్‌గా బిల్డు చేసే పద్ధతి) మారాలా? రైస్ మిల్లులకు, జీడిపప్పు వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో చాలాసార్లు ఉండేది ఒకే లినక్స్ మెషిన్. రన్నరూ దాని మీదే, ఖాతాదారుల డేటాబేస్ బ్యాకప్‌లూ దాని మీదే, వేసవిలో పని నేర్చుకోవడానికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థుల మెర్జ్ రిక్వెస్టులు (తమ కోడ్ కలపమని పంపే అభ్యర్థనలు) బిల్డయ్యేదీ దాని మీదే. అందువల్ల వేగం కంటే, సౌకర్యం కంటే ముందు నేను చూసేది ఒక్కటే: కంటైనర్ (ఇమేజీ నుంచి విడిగా నడిచే వాతావరణం) లోపల రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడిచే ప్రాసెస్‌ను బయట హోస్ట్ కెర్నల్ ఏ యూజర్‌గా లెక్కిస్తుంది?

సాకెట్ మౌంట్ చేయడం అన్నిటికంటే సులువు. లేయర్ క్యాష్ (ముందు బిల్డుల్లో తయారైన ఇమేజీ పొరల నిల్వ) హోస్ట్‌లోనే నిలిచి ఉంటుంది కనుక, ఇంటర్నెట్ మందగించే మన ఊళ్లలో దాని విలువ తక్కువేమీ కాదు. అయితే సాకెట్ అందుకున్న జాబ్, హోస్ట్ డిస్క్ మొత్తాన్ని మౌంట్ చేసుకుంటూ మరో కంటైనర్ ప్రారంభించమని డీమన్‌ను అడగగలదు. డీమన్ రూట్‌గా నడుస్తున్నందున ఆ పని జరిగిపోతుంది. సాకెట్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే చాలదా అంటే, చాలదు. సాకెట్ గుండా వెళ్లే ఏపీఐ ఆదేశాలను ఆ గుర్తు ఆపలేదు. జాబ్ ఇమేజీలో మామూలు యూజర్‌ను పెట్టినా, అతనికి సాకెట్ మీద రాసే అనుమతి ఉన్నంతవరకు ఫలితం అదే.

డాకర్-ఇన్-డాకర్‌లో ప్రతి జాబ్‌కూ వేరే డీమన్ ఉండటం నిజమైన లాభమే. కానీ ప్రివిలేజ్డ్ అంటే కేపబిలిటీలు (రూట్ అధికారంలోని విడివిడి భాగాలు) అన్నీ ఇచ్చి, ప్రాసెస్ చేయగలిగేదాన్ని పరిమితం చేసే సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్ కాపలా తీసేసి, హోస్ట్ డివైసులను కూడా అందుబాటులో ఉంచడం. లోపలి రూట్ ఇక్కడా బయట రూటే. దీనికి రూట్‌లెస్ ఇమేజీ ఉన్నా, అది కూడా ప్రివిలేజ్డ్ ఫ్లాగే అడుగుతుంది. జాబ్‌కొక కొత్త వర్చువల్ మెషిన్ వచ్చి, పని ముగియగానే తొలగిపోయే క్లౌడ్ రన్నర్లలో నాకు దీని మీద అభ్యంతరం లేదు, బ్యాకప్‌లున్న మెషిన్ మీద మాత్రం ఒప్పుకోలేను.

ఇమేజీలు బిల్డు చేసే మరో పనిముట్టు కానికోకు డీమన్ గాని ప్రివిలేజ్డ్ గాని అక్కరలేదు, కానీ 2025లో గూగుల్ ఆ రిపాజిటరీని ఆర్కైవ్ చేసింది. కొత్తగా మొదలుపెట్టేవారికి దాన్ని సూచించను.

రూట్‌లెస్ బిల్డాలో (డీమన్ లేకుండా ఇమేజీలు కట్టే పనిముట్టు) లెక్క మారుతుంది. హోస్ట్‌లో రన్నర్ యూజర్ ఐడీ 1001 అనుకుందాం, సబ్‌యూఐడీ ఫైలులో (యూజర్‌కు అదనపు ఐడీలు కేటాయించే ఫైలు) అతనికి 100000 నుంచి మొదలుపెట్టి 65536 ఐడీలు కేటాయించామనుకుందాం. అప్పుడు కంటైనర్‌లోని 0, అంటే రూట్, బయట 1001 అవుతుంది. లోపలి 1 బయట 100000, లోపలి 1000 బయట 100999 అవుతాయి. లోపల ప్యాకేజీలు వేసుకోవడానికి, ఫైళ్ల యజమానిని మార్చడానికి ఆ రూట్ సరిపోతుంది. ఆ ప్రాసెస్ ఎలాగో బయటపడినా 1001 చేయగలిగినంతే చేయగలదు, రూట్ పేరున 600 అనుమతులతో (యజమాని మాత్రమే చదవగలిగేలా) ఉన్న బ్యాకప్ ఫైలును తెరవలేదు. 2019లో రన్‌సీలో (కంటైనర్లను ప్రారంభించే ప్రోగ్రామ్) బయటపడ్డ సీవీఈ-2019-5736 లోపంతో కంటైనర్‌లోని రూట్ హోస్ట్‌లోని రన్‌సీ బైనరీనే తిరగరాయగలిగేది. హోస్ట్ రూట్‌ను లోపలికి మ్యాప్ చేయని యూజర్ నేమ్‌స్పేస్‌లు (లోపలి ఐడీలను బయట వేరే ఐడీలుగా లెక్కించే కెర్నల్ ఏర్పాటు) ఉన్నచోట ఆ దాడి సాగలేదు. రూట్‌లెస్ వైపు నా మొగ్గుకు ఇదే ఆధారం. అయితే ఆ 1001 యూజర్‌ను సుడో (రూట్‌గా ఆదేశాలు నడపనిచ్చే) జాబితాలో గాని డాకర్ గ్రూపులో గాని ఉంచితే ఇదంతా వృథా, ఎందుకంటే డాకర్ గ్రూపు సభ్యత్వం రూట్ హక్కుతో సమానం.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది, లోపలి 1000 వదిలివెళ్లిన ఫైళ్లు బయట 100999 పేరున ఉంటాయి గనుక తర్వాతి జాబ్ వాటిని తుడవబోతే అనుమతి లేదని ఆగిపోతుంది. అక్కడ విసిగిపోయి 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేవారిని, రన్నర్‌కు సుడో ఇచ్చేవారిని చూశాను. బిల్డా అన్‌షేర్ (ఆ యూజర్ నేమ్‌స్పేస్ లోపల ఆదేశాలు నడిపేది) కింద తొలగింపు ఆదేశం నడిపితే ఆ ఫైళ్లు మామూలుగానే పోతాయి. రెండోది, 5.11 కంటే పాత కెర్నల్ అయితే లేయర్లను ఒకదానిపై ఒకటి పేర్చే ఫ్యూజ్-ఓవర్లేఎఫ్ఎస్ వేసుకోవాలి. వీఎఫ్ఎస్ అనే నిల్వ పద్ధతితో సరిపెడితే ప్రతి లేయర్‌కూ పూర్తి నకలు తీసి డిస్క్ నింపేస్తుంది. యూజర్ నేమ్‌స్పేస్‌ల వల్ల మామూలు యూజర్‌కు కెర్నల్‌లో మరిన్ని భాగాలు అందుబాటులోకి వస్తాయన్న విమర్శ న్యాయమైనదే, ఉబుంటు 24.04 వాటిని యాప్‌ఆర్మర్‌తో పరిమితం చేసిందీ అందుకే. కెర్నల్ అప్‌డేట్లు వాయిదా వేసే ఆఫీసుకు రూట్‌లెస్ పూర్తి రక్షణ ఇవ్వదు.

ఇంకొక హద్దు కూడా గుర్తుంచుకోవాలి: రూట్‌లెస్ పద్ధతి మెషిన్‌ను జాబ్ నుంచి కాపాడుతుంది, ఒకే యూజర్ కింద నడిచే రెండు జాబ్‌లను ఒకదాని నుంచి మరొకదాన్ని కాపాడదు. కాబట్టి విద్యార్థుల ప్రాజెక్టుకు వేరే యూజర్‌ను, 165536 నుంచి మొదలయ్యే వేరే ఐడీల వరుసను, వేరే రన్నర్ సర్వీసును ఇవ్వండి. రిజిస్ట్రీకి (ఇమేజీలు భద్రపరిచే సర్వర్) ఇమేజీ పంపే టోకెన్‌ను ప్రొటెక్టెడ్ బ్రాంచీలకే పరిమితం చేయండి.