ఘాట్ ఎక్కుతుంటే తలెత్తే హెడ్‌లైట్లు

మా 1930 మోరిస్ కౌలీ కారుకి వాక్యూమ్‌తో, అంటే ఇంజన్ గాలి పీల్చే బలంతో పనిచేసే డిప్పర్ (ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా హెడ్‌లైట్లని కిందికి వంచేది) బిగించి నాలుగేళ్లయింది. కొత్తలో కనబడినవాళ్లందరికీ పెట్టించుకోమని చెప్పాను, ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ముందు సంతోషం సంగతి. డాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి నాబ్ తిప్పగానే ఉస్స్‌మని ఒక శబ్దం, లాంపుల లోపల రిఫ్లెక్టర్లు రెండూ కలిసి ఎడమవైపుకి వంగుతాయి, అచ్చం పెద్దాయన ఎదురైతే తల వంచి పక్కకి జరిగినట్టు. ఇంగ్లండ్ సరుకే అయినా వాళ్లదీ మనలాగే ఎడమవైపు ట్రాఫిక్ కదా, ఏమీ మార్చక్కర్లేదు. హై బీమ్‌కొకటి, లో బీమ్‌కొకటి రెండు ఫిలమెంట్లుండే బల్బు వేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకని మా ఆవిడ మొదటిరోజే అడిగింది, ఇప్పటికీ జవాబు లేదు.

బిగించడంలో కష్టమల్లా ఒక్కటే, వాక్యూమ్ పైపు కోసం తొంభై ఏళ్ల మానిఫోల్డుకి (ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం) డ్రిల్ పెట్టడానికి చెయ్యి రాదు. బెంగళూరు శివాజీనగర్‌లో మెకానిక్ కళ్లు మూసుకోమని చెప్పి పెట్టేశాడు. రంధ్రం పైవైపే ఉండాలి, కిందవైపు పెడితే పెట్రోలు తడి పైపులోకి దిగుతుంది. ఎక్కడ గాలి లీకైనా ఇంజన్ ఐడిల్‌లో దగ్గుతుంది, కాబట్టి ఏదన్నా తేడా ఉంటే వెంటనే తెలిసిపోతుంది, అదొక లాభం.

బెంగళూరులో ఊరికే తిరిగినన్నాళ్లూ బానే ఉంది. రెండో ఏడు చిత్తూరులో పెళ్లికి వెళ్లి, రాత్రి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం. సెకండ్ గేరు, యాక్సిలరేటర్ ఫుల్లుగా తొక్కి ఉంది, ఎదురుగా లారీ. డిప్పర్ వేశాను, లైట్లు వంగాయి, వంగిన రెండు సెకన్లకి మెల్లగా తలెత్తేశాయి. పక్కన మా బావమరిది, "బావా, లైట్లు వాటంతటవే లేస్తున్నాయి!" అన్నాడు. నాకు అర్థమయ్యేసరికి లారీ దగ్గరికొచ్చేసింది. డ్రైవరు బండి ఆపి, "ఏం సామీ, మా కండ్లు పోగొడ్తావా?" అన్నాడు, ఏం చెప్తాం.

కారణం సింపులే. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే మానిఫోల్డులో వాక్యూమ్ దాదాపు సున్నా, పట్టుకునే బలం లేక స్ప్రింగు రిఫ్లెక్టర్‌ని పైకి లాగేస్తుంది. పాతకాలం వాక్యూమ్ వైపర్లు ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడేదీ ఇందుకే. కాలు తీస్తే లైట్లు వంగుతాయి, కానీ ఘాట్‌లో కాలు తీస్తే ఈ బండి అక్కడే నిలబడిపోతుంది. పైగా బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, చెన్నైతో పోలిస్తే గేజిలో వాక్యూమే పాదరసం లెక్కలో ఇంచుమించు మూడు అంగుళాలు తక్కువ చూపిస్తుంది, అంటే ఇక్కడ మొదట్నుంచీ అరకొర బలమే.

తర్వాత బెంగళూరులో స్పేర్ పార్టులు దొరికే జె.సి. రోడ్డులో తిరిగి, వాక్యూమ్ నిల్వ ఉండటానికి ఒక చిన్న రేకు ట్యాంకు, పాత బ్రేక్ బూస్టర్‌లోంచి తీసిన నాన్-రిటర్న్ వాల్వు (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తెచ్చి పైపు మధ్యలో పెట్టించాను. ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో కూడా నాలుగైదు సార్లు డిప్ కొట్టొచ్చు. ఆరోసారికి దేవుడే దిక్కు.

ఇంకోటి, రిఫ్లెక్టర్లని వంచే డిప్పర్ సిలిండర్లలో తోలు వాషర్లుంటాయి, ఎండాకాలం ఎండిపోతాయి. అప్పుడు ఒక లాంపు వంగుతుంది, రెండోది వంగదు, బండి కన్నుకొట్టినట్టుంటుంది. రెండు చుక్కలు ఆముదం వేస్తే సరి, సీటు కింద సీసా పెట్టుకున్నాను.

నేను రాత్రిపూట ఊరెళ్లేది ఏడాదికి రెండు మూడుసార్లు, మిగతాదంతా ఆదివారం పొద్దున డ్రైవులే కాబట్టి నాకు సరిపోయింది. వారంవారం ఘాట్ ఎక్కేవాళ్లకి మాత్రం నేనైతే చెప్పను. మా బావమరిది ఇప్పటికీ మొగిలి దగ్గరకి రాగానే నాబ్ మీద చెయ్యేసి కూర్చుంటాడు.